వింటర్‌బెర్రీ పూస్తోంది, కాయడం లేదు

ప్రశ్న: మాది న్యూజెర్సీలోని ఎడిసన్. అయిదేళ్ల క్రితం ఇల్లు కొన్న శరదృతువులోనే నర్సరీ నుంచి మూడు వింటర్‌బెర్రీ మొక్కలు తెచ్చి ఇంటి ముందు నాటాం. చీటీ మీద ‘వింటర్ రెడ్’ అని ఉంది. కుండీల్లో ఉన్నప్పుడే కొమ్మల నిండా ఎర్రటి పండ్లున్నాయి. ఆ తర్వాత మూడేళ్లు విరగకాశాయి. ఆకులు రాలాక మంచులో ఆ ఎరుపు చూసి దారిన పోయేవాళ్లు ఆగేవారు. సంక్రాంతి బొమ్మల కొలువులో ఆ కొమ్మలే పెట్టేదాన్ని. నిరుడు, ఈ ఏడు ఒక్క పండు లేదు. జూన్‌లో పూత మాత్రం వస్తోంది. నిరుడు మార్చిలో పక్కింటికి కొత్తవాళ్లు వచ్చి, కంచె పొడవునా ఉన్న పాత పిచ్చిపొదలన్నీ తీయించి పచ్చిక వేయించారు. అవి ఎప్పుడూ ఏమీ కాయలేదు, ఉత్త ఆకులే. అవి పోయాక మా మొక్కలకు ఎండ ఇంకా బాగా తగులుతోంది, అయినా ఫలితం లేదు. పైగా కొత్త ఆకులు పసుపు రంగుకు తిరుగుతున్నాయి. తెనాలి నుంచి వచ్చిన మా అత్తగారు చూసి “ఇవి పోతు చెట్లేమో” అన్నారు. ఎరువు వేయాలా, కొమ్మలు కొట్టేయాలా? తోటపని చేసే అతను వీటిని పీకేసి నాందినా అనే పొద వేద్దామంటున్నాడు. ఇంకో సంగతి, మా పాపకు నాలుగేళ్లు. ఆ పండ్లు నోట్లో పెట్టుకుంటే ప్రమాదమా?

జవాబు: ముందుగా ఆ తోటపని అతన్ని ఆపండి. మీ మొక్కలకు జబ్బు లేదు, వయసూ మీరలేదు. వింటర్‌బెర్రీకి అయిదారేళ్లంటే నిండు యవ్వనం. మీకు కావలసిన జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. ఎండ గురించి చెబుతూ మాటవరసకు రాసిన వాక్యం చూడండి. పక్కింటివాళ్లు తీయించిన, ఎప్పుడూ ఏమీ కాయని పిచ్చిపొదలు. నాకు తెలిసి ఆ పొదల్లో ఒకటి మీ మొక్కలకు జోడీ.

మీ అత్తగారు సగం సరిగ్గానే పట్టుకున్నారు. తెనాలి చుట్టుపక్కల తాడిచెట్ల మధ్య పెరిగినవారికి ఈ విషయం ఎవరూ చెప్పనక్కరలేదు. పోతుతాడి గెల వేస్తుంది, కల్లు ఇస్తుంది, ముంజలు మాత్రం కాయదు. ముంజలు కాసేది ఆడతాడి. పెరట్లో విత్తనంతో మొలిచిన బొప్పాయిలోనూ ఇదే చూస్తాం, పొడవాటి కాడలకు పూలు వేలాడుతుంటాయి గానీ కాయ ఉండదు. వింటర్‌బెర్రీ కూడా ఆ జాతే. ఒక మొక్క ఆడదైతే ఆడదే, మగదైతే మగదే. రెండు రకాల పూలూ ఒకే మొక్క మీద ఉండవు. కాబట్టి అత్తగారి అనుమానం న్యాయమైనదే. అయితే మీ మూడు మొక్కలూ పోతులు కావు. కుండీలోనే పండ్లతో వచ్చాయి, మూడేళ్లు కాశాయి, చీటీ మీద ‘వింటర్ రెడ్’ అని ఉంది. ‘వింటర్ రెడ్’ అనేది ఆడ రకమే. లేనిది పోతుమొక్క.

కుండీలో ఉన్నప్పుడు పండ్లు ఎలా వచ్చాయి? నర్సరీలో వందల మొక్కలు పక్కపక్కనే పెరుగుతాయి, అక్కడ పోతుమొక్కలు ఉంటాయి, తేనెటీగలు తమ పని తాము చేసుకుపోతాయి. పండ్లతో ఉన్న మొక్కను చూసి మనం ముచ్చటపడి కొంటాం. పండ్లు లేని పోతుమొక్కను ఎవరూ కొనరు, అందుకే అంగడివాళ్లు దాన్ని ముందు వరసలో పెట్టరు. మూడు ఆడమొక్కలు కొన్నప్పుడు ఒక పోతు కూడా తీసుకెళ్లమని ఆ రోజు మీకు ఎవరైనా చెప్పి ఉండాల్సింది. చెప్పకపోయినా మూడేళ్లు కాశాయంటే, మీ గుమ్మానికి ఏ యాభై అడుగుల దూరంలోనో ఒక పోతుమొక్క ఉన్నట్టే లెక్క. మార్చిలో అది పోయింది, జూన్‌లో పూసిన మీ పూలకు పుప్పొడి అందలేదు. వీలైతే పక్కింటివారిని అడగండి, పాత ఫొటోలు ఏవైనా ఉంటే చూడండి. ఆరేడడుగుల ఎత్తున, అనేక మొదళ్లతో, మీ మొక్కల్లాంటి ఆకులతోనే ఉండి ఎన్నడూ కాయని పొద అందులో కనిపిస్తే సందేహం పూర్తిగా తీరిపోతుంది. వాళ్ల తప్పేమీ లేదు సుమా. ఆకు తప్ప ఏమీ లేని పొద ఎవరి కంటికైనా పిచ్చిపొదే.

న్యూజెర్సీలో ఉంటున్నారు కనుక వేసవిలో సొరపాదు వేసే ఉంటారు. సాయంత్రం పూసిన మగపువ్వును తుంచి, రేకులు వలిచి, పిందె ఉన్న ఆడపువ్వుకు తాకించి ఉంటారు. తాకించని రోజు పిందె పసుపుబారి రాలిపోవడం చూసే ఉంటారు. మీ వింటర్‌బెర్రీ పూతకు ఈ రెండేళ్లు జరిగింది అదే. సొరలో ఆడపువ్వు, మగపువ్వు ఒకే తీగ మీద ఉంటాయి కాబట్టి నెట్టుకొస్తాం. ఇక్కడ రెండో మొక్కే కావాలి.

వచ్చే జూన్‌లో ఒక పని చేయండి. పూత విచ్చినప్పుడు ఉదయం పూట భూతద్దం తీసుకుని కొమ్మ దగ్గర కూర్చోండి. ఆకు కాడ మొదలులో, కొమ్మను అంటిపెట్టుకుని ఉంటాయి పూలు. పావు అంగుళానికి మించవు, ఆకుపచ్చ కలిసిన తెలుపు. దూరానికి ఎవరూ గమనించరు. ఒక పువ్వును దగ్గరగా చూస్తే నడుమ గుండ్రటి పచ్చపూస ఒకటి కనిపిస్తుంది, ఆవగింజకు కాస్త పెద్దది. పండయ్యేది ఆ పూసే. చుట్టూ కేసరాలు ఉన్నట్టే ఉంటాయి గానీ వాటిలో పుప్పొడి ఉండదు. ఇది ఆడపువ్వు. పోతుమొక్క పువ్వులో నడుమ ఆ పూస కనబడదు, కేసరాల కొసన పసుపుపచ్చటి పొడి ఉంటుంది, వేలికి అంటుతుంది. పైగా పోతుపూలు గుత్తులు గుత్తులుగా ఎక్కువ వస్తాయి. ఒకసారి కంటితో చూశారంటే ఇక ఏ నర్సరీ చీటీ మీదా ఆధారపడనక్కరలేదు.

ఇప్పుడు అసలు పని. పోతుమొక్క కొనాలి, కానీ ఏదో ఒక పోతుమొక్క తెస్తే కుదరదు. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు, నేనూ తిన్నాను. మా పెరట్లో ‘వింటర్ రెడ్’ మొక్కలకు తోడుగా ‘జిమ్ డాండీ’ అనే పోతును తెచ్చి నాటాను. అంగడిలో ఆ రోజు ఉన్నది అదొక్కటే. “మగమొక్క ఏదైనా ఒకటే” అన్నారు అక్కడివాళ్లు. రెండు జూన్‌లు గమనించాను. ‘జిమ్ డాండీ’ పూలు రాలడం మొదలుపెట్టాక గానీ ‘వింటర్ రెడ్’ పూలు పూర్తిగా విచ్చలేదు. ఆ రెండేళ్లు కొమ్మకు నాలుగైదు పండ్లే వచ్చాయి. తప్పు ‘జిమ్ డాండీ’ది కాదు, అది ముందు పూసే రకం. ‘రెడ్ స్ప్రైట్’ లాంటి పొట్టి, ముందు పూసే ఆడ రకాలకు అది చక్కటి జోడీ. మీ ‘వింటర్ రెడ్’ ఆలస్యంగా పూసే రకం. దీనికి ‘సదర్న్ జెంటిల్‌మన్’ కావాలి. ‘వింటర్ రెడ్’ కొమ్మ నుంచే పుట్టిన ‘వింటర్ గోల్డ్’ అని ఒకటుంది, నారింజ కలిసిన బంగారు రంగు పండ్లు. దానికీ ఈ పోతే సరిపోతుంది. పేరు కాగితం మీద రాసుకుని వెళ్లండి, చీటీ మీద అదే పేరు చూశాకే డబ్బు ఇవ్వండి. లేదంటే తెప్పించి పెట్టమనండి, రెండు వారాలు ఆగితే పోయేదేమీ లేదు.

ఒక్కటి చాలు. ఒక పోతు ఏడెనిమిది ఆడమొక్కలకు సులువుగా సరిపోతుంది. మూడు గ్యాలన్ల కుండీలో ఉన్న పెద్ద మొక్కే తీసుకోండి, చిన్న మొక్క తెస్తే అది పూతకొచ్చే దాకా మరో రెండు మూడేళ్లు ఎదురుచూడాలి. దాన్ని ఇంటి ముందు పెట్టనక్కరలేదు. చలికాలంలో అది ఉత్త కట్టెల కట్టలాగే ఉంటుంది కాబట్టి, పక్క గోడ వైపో, వెనక మూలకో, తేనెటీగకు దారి ఉండేలా యాభై అడుగుల లోపు నాటండి. ఇప్పుడు అక్టోబరులో నాటినా, నేల గడ్డకట్టే లోపు వేళ్లు కుదురుకుంటాయి. కుదరకపోతే ఏప్రిల్. గుంత కుండీకి రెట్టింపు వెడల్పు ఉండాలి, లోతు మాత్రం కుండీ ఎంతో అంతే. వేళ్ల ముద్ద పైభాగం నేలకు సమంగా ఉండాలి. పైన పైన్ బెరడో, పైన్ ఆకులో రెండు మూడు అంగుళాల మందాన కప్పండి, మొదలుకు తగలకుండా కాస్త ఎడం వదలండి. చలికాలంలో కుందేళ్లు లేత కాండాలను కొరుకుతాయి, మొదటి రెండేళ్లు తీగ వల చుట్టండి.

కొత్త మొక్క వచ్చే జూన్‌కు పూస్తుందో లేదోనన్న బెంగ ఉంటే ఒక ఉపాయం ఉంది. ఆపిల్ తోటల్లో చేసేదే ఇది. తెలిసినవాళ్ల ఇంట్లో ఆలస్యంగా పూసే పోతుమొక్క ఉంటే, మీ మొక్కలు పూతలో ఉన్న వారంలో అక్కడి నుంచి పూలున్న నాలుగు కొమ్మలు అడిగి తెచ్చుకోండి. బకెట్ నీళ్లలో పెట్టి మీ మూడు మొక్కల మధ్య ఉంచండి. తేనెటీగకు అది కొమ్మో మొక్కో అక్కరలేదు. ఎండవేళ నీళ్లు తగ్గకుండా చూసుకుంటే నాలుగైదు రోజులు పుప్పొడి దొరుకుతుంది.

ఇక పసుపు ఆకులు. ఇది పుప్పొడితో సంబంధం లేని రెండో సమస్య, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. ఒక కొత్త ఆకును తెంపి వెలుతురుకు పట్టి చూడండి. ఈనెలు పచ్చగా ఉండి, ఈనెల మధ్య భాగం పాలిపోయి ఉంటే మొక్కకు ఇనుము అందడం లేదని అర్థం. నేలలో ఇనుము లేక కాదు, నేలలో సున్నం పెరిగి మొక్క దాన్ని తీసుకోలేకపోతోంది. కొత్త పచ్చిక వేసినప్పుడు ఇక్కడ సున్నం చల్లడం మామూలే, వాలు మీ వైపు ఉంటే వాననీటితో అది మీ మొక్కల దాకా వస్తుంది. మీ పచ్చికకు కూడా ఎవరైనా సున్నం చల్లుతున్నారేమో కనుక్కోండి. గుమ్మం దగ్గరి కాంక్రీటు నుంచి కూడా కొంత సున్నం దిగుతుంది.

వింటర్‌బెర్రీ పుట్టిల్లు ఎలాంటిదో తెలిస్తే ఇది బాగా అర్థమవుతుంది. తూర్పు అమెరికా, కెనడా చిత్తడి నేలల మొక్క ఇది. వాగుల ఒడ్డున, బురద అడవుల అంచున, పుల్లటి నేలలో పెరుగుతుంది. శాస్త్రీయ నామం ఐలెక్స్ వెర్టిసిల్లేటా, క్రిస్మస్‌కు అలంకరించే ముళ్ల ఆకుల హాలీకి దగ్గర చుట్టం. ఆ హాలీ ఏడాదంతా పచ్చగా ఉంటుంది, ఇది ఆకు రాలుస్తుంది. ఆకు రాల్చడమే దీని అందం, ఎరుపుకు అడ్డం ఏదీ ఉండదు. బ్లూబెర్రీకి నచ్చిన నేలే దీనికీ నచ్చుతుంది. మీ న్యూజెర్సీలోనే, పైన్ బ్యారెన్స్‌లోని వైట్స్‌బాగ్‌లో ఎలిజబెత్ వైట్ అనే ఆవిడ, శాస్త్రవేత్త ఫ్రెడరిక్ కోవిల్‌తో కలిసి అడవి బ్లూబెర్రీని తోట పంటగా మార్చారు. 1916లో తొలి పంట అమ్మకానికి వెళ్లింది. హాలీలంటే కూడా ఆవిడకు ప్రాణం. చలికాలంలో ఒక ఆదివారం వీలు చూసుకుని ఆ వైపు వెళ్లి, ఆ ఇసుక నేలను, టీ డికాక్షన్ రంగు నీటిని చూసిరండి. ఈ మొక్కకు ఏం కావాలో ఎన్ని పేజీలు చదివినా అంత తెలియదు.

అంచేత సున్నం చేరకుండా చూడటం మొదటి పని. రెండోది, రట్గర్స్ విశ్వవిద్యాలయం మట్టి పరీక్ష కేంద్రానికి మీ మట్టి పంపడం. పీహెచ్ (నేల పులుపును చెప్పే అంకె, అది పెరిగితే పులుపు తగ్గినట్టు) 6.5 దాటితే, నేలను పుల్లగా మార్చే గంధకం వాళ్లు చెప్పిన మోతాదులో వేయండి, అంతకు మించి వద్దు. గంధకం నెమ్మదిగా పనిచేస్తుంది, ఒక ఏడాది ఓపిక పట్టాలి. ఎరువు గురించి అడిగారు. పచ్చికకు వేసే నత్రజని ఎరువు దీని దరిదాపులకు రానివ్వకండి, ఆకు ఏపుగా పెరుగుతుందే తప్ప పండుకు మేలు జరగదు. వసంతంలో హాలీలు, అజేలియాల కోసం అమ్మే ఆమ్ల ఎరువు గుప్పెడు చాలు. నీళ్లే ముఖ్యం. చిత్తడి మొక్క కదా, జూలై, ఆగస్టుల్లో నేల ఎండితే కట్టిన పిందెలు కూడా రాల్చేస్తుంది. వాన లేని వారంలో నేలలోకి లోతుగా దిగేలా ఒకసారి నీళ్లు పెట్టండి.

కొమ్మలు కొట్టేయాలా అన్నారు. ఇప్పుడొద్దు, వేసవిలో అసలే వద్దు. కంచెను కత్తిరించినట్టు గుండ్రంగా కత్తిరిస్తే పూత, పిందె కత్తెరకే పోతాయి. చలికాలం చివర, చిగురు వేయకముందు, మరీ ముదురు కాండాలను ఒకటి రెండు నేలమట్టానికి తీసేయండి. అంతే.

నాందినా సంగతి కాస్త గట్టిగానే చెబుతాను. చూడటానికి బాగుంటుంది, ఎర్రటి గుత్తులు, ఏడాదంతా ఆకు. కానీ ఆ పండ్లలో సైనైడ్ పుట్టించే పదార్థాలున్నాయి. 2009 ఏప్రిల్‌లో జార్జియా రాష్ట్రం థామస్ కౌంటీలో సీడార్ వ్యాక్స్‌వింగ్ పక్షులు పదుల సంఖ్యలో చచ్చి పడి ఉన్నాయి. కోసి చూస్తే కడుపు నిండా నాందినా పండ్లే. ఆ పక్షి ఆకలి మీద ఉంటే పండును ఒకటి అర తిని ఊరుకోదు, గుంపుగా వాలి గొంతు దాకా మింగుతుంది. ఆసియా నుంచి వచ్చిన ఈ నాందినా అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో అడవుల్లోకి కూడా పాకింది. ఈ నేలలో పుట్టి, ఇక్కడి పక్షులకు వేల ఏళ్లుగా తిండి పెట్టిన మొక్కను పీకి, ఆ స్థానంలో దీన్ని నాటడానికి నా మనసు ఒప్పదు.

పాప సంగతి. వింటర్‌బెర్రీ పండ్లు మనుషులు తినేవి కావు. ఒకటి రెండు మింగితే సాధారణంగా పెద్ద ప్రమాదం ఉండదు గానీ ఎక్కువైతే వాంతులు, విరేచనాలు అవుతాయి. కుక్కలకూ, పిల్లులకూ అంతే. నాలుగేళ్ల పిల్ల చేతికి అందే ఎత్తులోనే మెరుస్తుంటాయి కాబట్టి “ఇవి పిట్టల పండ్లు, మనవి కావు” అని రోజూ చెప్పండి. ఆ వయసు పిల్లలు ఈ మాట బాగా గుర్తుపెట్టుకుంటారు. అయినా నోట్లో వేసుకుందని అనుమానం వస్తే అమెరికా పాయిజన్ కంట్రోల్ నంబరు 1-800-222-1222కు వెంటనే ఫోను చేయండి, ఏ వేళలోనైనా పలుకుతారు. కొలువులో పెట్టిన కొమ్మల నుంచి కింద రాలినవి కూడా ఏరేయండి, పాకే పసివాళ్లు వచ్చే పేరంటంలో ఇది మరీ ముఖ్యం.

డల్లాస్ వైపు నుంచి కూడా ఈ మొక్క గురించి అడుగుతుంటారు, ఇక్కడే చెప్పేస్తాను. అక్కడి సున్నపు నల్లమట్టిలో వింటర్‌బెర్రీ బాధపడుతుంది. దాని చుట్టం పాసమ్‌హా తెచ్చుకోండి, అదీ ఆకు రాల్చి ఎర్రగా కాస్తుంది, ఆ మట్టిని తట్టుకుంటుంది. ఆడమొక్కే అని చూసి కొనండి. ఈ ఆడ, మగ లెక్కలే వద్దనుకుంటే అమెరికన్ బ్యూటీబెర్రీ ఉంది. కణుపు కణుపుకూ కొమ్మ చుట్టూ గుత్తిగా, నేరేడు రసం వెలిసినట్టుండే ఊదా రంగు పండ్లు, ఒక్క మొక్క ఉన్నా కాస్తుంది.

మళ్లీ మీ ఇంటికి. పండ్లు తిరిగి కాసినప్పుడు కొలువు కోసం కొమ్మలు కోయాలంటే ఆకులన్నీ రాలాక, జనవరి కంటే ముందే కోసి పెట్టుకోండి. డిసెంబరులో పుష్కలంగా కనిపించిన పండ్లు జనవరి చివరికి ఉండకపోవచ్చు. రాబిన్లు, వ్యాక్స్‌వింగ్‌లు వీటిని మొదట పట్టించుకోవు, మంచు పడి పడి పండు మెత్తబడ్డాక ఒక ఉదయం గుంపుగా దిగుతాయి. మధ్యాహ్నానికి పొద మొత్తం ఖాళీ. ఆ ఉదయం మీరు ఇంట్లో ఉంటే పాపను కిటికీ దగ్గర నిలబెట్టండి. కోసిన కొమ్మలను చల్లటి గ్యారేజీలో, అడుగున నాలుగంగుళాల నీళ్లున్న బకెట్‌లో నిలబెట్టి, నీళ్లు మారుస్తూ ఉంటే సంక్రాంతి దాకా నిలుస్తాయి. ఇంటి లోపలి వేడికి మాత్రం పండ్లు త్వరగా ముడుచుకుపోతాయి, అందుకే కొలువు పెట్టే రోజే లోపలికి తీసుకురండి.

అత్తగారు మళ్లీ ఎప్పుడు వస్తున్నారు? జూన్ రెండో వారానికి టికెట్ తీసుకోమనండి. భూతద్దం ఆవిడ చేతికే ఇవ్వండి.